పడవ అడుగు నునుపు

ఘర్షణమును గూర్చిన పాఠమును నేలమీద ఈడ్వబడు పెట్టెతోను, ఏటవాలు బల్లపై జాఱు కొయ్యదిమ్మతోను మొదలుపెట్టుట వాడుక. ఆ పాఠములో రెండు సూత్రములు కలవు. పెట్టె అడుగు వైశాల్యము పెరిగినంత మాత్రమున ఘర్షణము పెరుగదు. పెట్టెను వేగముగా ఈడ్చినంత మాత్రమున ఘర్షణము హెచ్చదు. పరీక్షకు చదువువారు ఈ రెండింటిని కంఠస్థము చేసి, నీటిపై పోవు పడవకును ఇవియే చెల్లునని వ్రాయుచుందురు. చెల్లవు. పడవ విషయమున తడియు వైశాల్యము రెండింతలైనచో నిరోధమును దాదాపు రెండింతలగును. వేగము రెండింతలైనచో నిరోధము ఇంచుమించు నాలుగింతలగును. ఎండు వస్తువుల ఘర్షణము వేఱు, నీటి ఘర్షణము వేఱు. ఈ భేదము తెలిసినవానికే పడవ అడుగును ఎంతవఱకు నునుపు చేయవలెనో, ఎక్కడ పని చాలింపవలెనో తెలియును.

కోస్తా జిల్లాలలో పడవలమీద బ్రదుకు కుటుంబముల పిల్లలు ఈ సంగతిని కొంతవఱకు పుస్తకము లేకయే యెఱుగుదురు. చాలకాలము రేవులో నానిన పడవకు చమురు ఎక్కువ పట్టుననియు, ఒడ్డునకు తీసి గోకి రంగు వేసిన పిమ్మట తక్కువ చమురుతోనే అంత దూరము పోవుననియు వారి యిండ్లలో అనుకొనుచుందురు. అయితే ఎంత గోకవలెను? అద్దమువలె మెఱయువఱకు రాచుట లాభమా, వృథాశ్రమమా? పైన మైనము పూసినచో ఇంకను త్వరగా పోవునా? ఈ ప్రశ్నలకు ఊహతో గాక కొలతతో సమాధానము చెప్పిన పండితులలో ముఖ్యుడు ఇంగ్లండు దేశపు ఇంజనీరు విలియం ఫ్రూడ్. ఆయన 1810లో పుట్టి 1879లో మరణించెను. ఆయన చేసిన పనిని చెప్పుటకు ముందు నీటి స్వభావమును గూర్చి యొక మాట చెప్పవలసియున్నది.

పడవ నీటిపై జాఱుచున్నదని మనమందుము. నిజమునకు అది జాఱుట లేదు. చెక్కకు తగిలియున్న నీరు చెక్కనంటుకొని దానితోడనే పోవును. ఆ ప్రక్కనున్న నీరు కొంచెము వెనుకబడును; దాని ప్రక్కది ఇంకను వెనుకబడును. ఇట్లు పొర వెంట పొరగా వేగము తగ్గుచు, కొంత దూరమున నీరు కదలక యుండును. బెల్లపు పాకములో గరిటె త్రిప్పునపుడు గరిటెనంటిన పాకము గరిటెతో తిరుగుటయు, గిన్నె అంచునున్నది కదలకుండుటయు మన వంటయిండ్లలోనే చూడవచ్చును. కాబట్టి పడవను వెనుకకు లాగునది చెక్కకును నీటికిని జరుగు రాపిడి కాదు, నీటికిని నీటికిని జరుగు రాపిడియే. పడవతో ఈడ్వబడు ఈ నీటిని మనము ఈడ్పుపొర అని పిలుచుకొందము. దీని స్వభావమును 1904లో లుడ్విగ్ ప్రాంటల్ అను జర్మనీ పండితుడు శాస్త్రరీతిని వివరించెను.

ఈడ్పుపొర పడవ ముందు కొనయొద్ద మిక్కిలి పలుచగా నుండి, వెనుకకు పోవుకొలది దళసరియగును. 20 అడుగుల పడవ సెకనుకు 10 అడుగుల వేగముతో పోవునపుడు వెనుక కొనయొద్ద దాని మందము సుమారు 3 అంగుళములుండును. ఆ పొరలో నీరు చాలవఱకు సుడులు తిరుగుచుండును. కాని చెక్కను ఆనుకొనియున్న అతిసన్నని భాగమున మాత్రము సుడులు లేక నెమ్మదిగా సాగును. పాఠములోని కీలకమంతయు ఇక్కడ నున్నది. అడుగునందలి గఱుకులు ఆ నెమ్మది నీటిలో మునిగియున్నంతవఱకు బయటి నీటికి వాని యునికియే తెలియదు. గఱుకు దానిని మించి తలయెత్తినచో అది యొక చిన్న అడ్డుగోడయై తన వెనుక సుడులను పుట్టించును. ఆ సుడులను పుట్టించుటకగు ఖర్చు పడవయే, అనగా తెడ్డు వేయువాడో ఇంజనో, ఇచ్చుకొనవలెను.

ఇక ఫ్రూడుగారి పని. ఇంగ్లండు నౌకాశాఖవారి ధనసహాయముతో ఆయన టోర్కీ పట్టణమునందలి తన యింటియొద్ద 278 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు, 10 అడుగుల లోతుగల తొట్టిని కట్టించెను. 1872 మొదలు అందులో నమూనా ఓడలను ఈడ్చి నిరోధమును కొలుచుచుండెను. నేడు ఓడలు కట్టు దేశములన్నింటను ఇట్టి తొట్లు కలవు. మన విశాఖపట్టణమందును రక్షణశాఖవారి నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో అర కిలోమీటరు పొడవుగల తొట్టి యున్నది. అన్నిటికిని మూలము టోర్కీ తొట్టియే.

ఓడల ఆకారము సంగతిని కొంతసేపు ప్రక్కనుంచి, ఉపరితలపు సంగతిని మాత్రము కనుగొనవలెనని ఫ్రూడు వట్టి పలకలను ఈడ్చెను. ఒక్కొక్క పలక 19 అంగుళముల వెడల్పు, అంగుళములో 16వ వంతులు మూడు మందము. ముందు అంచు కత్తివలె పదును. దానిని నీటిలో నిలువుగా ముంచి ఈడ్చినచో అలలు పుట్టవు, నిరోధమంతయు చర్మమునకు సంబంధించినదే. పొడవులు 1 అడుగు మొదలు 50 అడుగులవఱకు. కొన్నిటికి వార్నిషు పూసెను, కొన్నిటికి మైనము పట్టించెను, కొన్నిటికి తగరపు రేకు అంటించెను, కొన్నిటికి కాలికో అను ముతక నూలుగుడ్డను అంటించెను, మఱికొన్నిటిమీద సన్నయిసుకను, మధ్యరకపు ఇసుకను, గరుకుటిసుకను చల్లి అతికించెను. (ఆ గుడ్డకు కాలికో అను పేరు మన పడమటి తీరమునందలి కాలికట్టు రేవునుబట్టి వచ్చినది.)

వేగము సెకనుకు 10 అడుగులుండగా, 20 అడుగుల పలకలకు చదరపుటడుగొక్కింటికి కలిగిన నిరోధము పౌనులలో ఇట్లున్నది. తగరపు రేకు 0.262, మైనము 0.271, వార్నిషు 0.278; సన్నయిసుక 0.480, నూలుగుడ్డ 0.531, మధ్యరకపు ఇసుక 0.534, గరుకుటిసుక 0.588. ఈ అంకెలను నెమ్మదిగా చదువుడు. నున్నని వానిలో ఒకదానికొకటికి భేదము స్వల్పము. నున్ననివానికిని గఱుకువానికిని భేదము ఇంచుమించు రెండింతలు. ఒక పలుచని నూలుగుడ్డ, చేతికి మెత్తగానే తగులునది, ఇసుకతో సమానముగా పడవను పట్టి లాగుచున్నది!

లెక్క కట్టి చూతము. నీటిలో 200 చదరపుటడుగుల అడుగుభాగము మునుగు 20 అడుగుల పడవ అదే వేగముతో పోవుచున్నదనుకొనుడు. వార్నిషు అడుగైనచో చర్మనిరోధము 55.6 పౌనులు. నూలుగుడ్డవలె గఱుకైనచో 106.2 పౌనులు. తక్కువ పడిన 50 పౌనుల బలమును ఎవరో ఒకరు రేవు విడిచినది మొదలు తిరిగి వచ్చువఱకు ఎడతెగక పెట్టుచుండవలెను.

ఫ్రూడు పట్టికలో మఱియొక విశేషము కలదు. వార్నిషు పలక 2 అడుగులదైనచో చదరపుటడుగునకు 0.41, 8 అడుగులదైనచో 0.325, 50 అడుగులదైనచో 0.250 మాత్రమే. పలక పొడవైనకొలది అడుగొక్కింటికి నిరోధమేల తగ్గవలెను? ఏలయనగా వెనుకటి భాగమును తాకు నీరు ముందటి భాగముచే నిదివఱకే కొంత ఈడ్వబడి పడవతో కలిసి నడచుచున్నది. ముందు కొనను తాకు నీరు మాత్రము క్రొత్తనీరు. అందుచేత పని చేయువానికి ఒక ఉపదేశము దొరకుచున్నది. కాలము చాలనపుడు ముందటి మూడవవంతును చక్కగా నునుపు చేసి, వెనుకటి భాగమున ఓపిక తగ్గించుకొనవచ్చును. లోకములో చాలమంది దీనికి తలక్రిందుగా చేయుదురు. వెనుకభాగము నేలకు దగ్గరగా, చేతికందునట్లుండును గనుక దానిని ఎక్కువగా రాతురు.

మైనము విషయము. తామరాకుమీద నీటిబొట్టు ముత్యమువలె దొరలుట చూచి, పడవకు మైనము పూసినచో నీరు దానినంటదనియు, కాబట్టి వేగము హెచ్చుననియు పెక్కుమంది నమ్ముదురు. బొట్టు గుండ్రముగా నిలుచుటకు అక్కడ గాలియు నుండవలెను; నీటికిని గాలికిని నడుమ నున్న తలపు బిగువే దానికి కారణము. నీటిలో మునిగిన పడవ అడుగున గాలి లేదు, బొట్టు లేదు, బిగువు లేదు. ఫ్రూడు పట్టికలో వార్నిషునకును మైనమునకును గల భేదము నూటికి మూడు వంతులైనను లేదు. సబ్బు, నూనె, కొవ్వు మొదలగువాని సంగతియు ఇంతే. ఇంకను చెప్పవలెనన్న, అవి మురికిని పట్టి గఱుకును తెచ్చును.

అట్లయిన ఎంత నునుపు చాలును? దీనికొక సులభమైన లెక్క కలదు. ఒక మిల్లీమీటరులో పదవవంతును, సెకనుకు ఇన్ని మీటర్లను పడవ వేగముచే భాగింపుడు. వచ్చిన ఫలము గఱుకునకు మేర. అంతకు తక్కువ ఎత్తుగల గఱుకును నీరు లెక్కచేయదు. సెకనుకు 1 మీటరు పోవు తెడ్డుపడవకు మేర 0.1 మిల్లీమీటరు. సెకనుకు 3 మీటర్లు పోవు పడవకు, అనగా గంటకు సుమారు 6 సముద్రపు మైళ్లకు, 0.033 మిల్లీమీటరు. మన తలవెండ్రుక మందము 0.05 మొదలు 0.1 మిల్లీమీటరు వఱకు నుండును గనుక, ఈ మేర దాదాపు సగము వెండ్రుక యనవచ్చును. అంగళ్లలో 400 అంకెతో అమ్ము గఱుకుకాగితమునందలి రేణువులు సుమారు 0.035 మిల్లీమీటరువి, అవి చేయు గీతలు రేణువులకంటె చాల తక్కువ లోతుగలవి. కాబట్టి 400 కాగితముతో చక్కగా రాచిన అడుగు అట్టి పడవకు సంపూర్ణముగా నునుపైనదే. దానిపై 1000 కాగితముతోను, 2000 కాగితముతోను, మెఱుగుపిండితోను దినములకొలది రాచువాడు కంటికి అలంకారము చేయుచున్నాడే గాని నీటికి ఏమియు చేయుటలేదు. మెఱపునకును నునుపునకును భేదము కలదు. కన్ను వెలుతురును చూచును. నీరు ఎత్తుపల్లములను చూచును.

మనుష్యుడు చేసిన నునుపును చెడగొట్టునది సముద్రమే. పడవ నీటిలో దిగిన కొలదిదినములకే అడుగున జిగురువంటి పాకుడు పట్టును, తరువాత నాచు, తరువాత బార్నకిల్ అను చిన్న ప్రాణి. దీని పెంకును చూచి నత్తజాతి యనుకొందురు గాని, ఇది రొయ్యకును పీతకును దాయాది. పిల్లదశలో ఈదుచు తగినచోటు వెదకి, తలను దానికి అంటించుకొని, చుట్టును సున్నపుగోడ కట్టుకొని, కాళ్లతో ఆహారమును నోటిలోనికి తోసికొనుచు బ్రదుకును. ఛార్లెస్ డార్విన్ 1846 మొదలు 1854 వఱకు ఎనిమిదేండ్లు ఈ జాతినే పరిశోధించెను. దానితో విసిగిన ఓడవారు మాత్రము ఎన్ని వందల యేండ్లనుండి పరిశోధించుచున్నారో!

ఓడ అడుగునకు రాగిరేకు తొడుగవలెనను ఆలోచనను ఇంగ్లండు నౌకాశాఖవారు 1761లో అలారం అను 32 ఫిరంగుల యుద్ధనౌకమీద పరీక్షించిరి. వెస్టిండీసు సముద్రములలో తిరిగి వచ్చిన ఆ యోడను 1763లో పరిశీలింపగా కొయ్యను తొలుచు పురుగు దాని దరికి రాలేదు, నాచును పట్టలేదు. కాని రాగి తగిలినచోట ఇనుపమేకులు తినివేయబడి పిండియైపోయెను. కొన్ని రేకులకు చుట్టియుండిన గోధుమరంగు కాగితమును తీయక యట్లే కొట్టిరి. ఆ కాగితము నిలిచినచోట ఇనుము చెడలేదు. ఉప్పునీటిలో రెండు లోహములు తగిలినచో విద్యుత్తు పుట్టి ఒకటి కరగుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము పాఠ్యపుస్తకములలో దొరకదు.

దీని రెండవ అధ్యాయము 1824లో జరిగెను. రాగి కొంచెము కొంచెముగా కరగిపోవుచున్నదని నౌకాశాఖవారు సర్ హంఫ్రీ డేవీని అడుగగా, ఆయన రాగిరేకులకు ఇనుపముక్కలను, యశదపు ముక్కలను తగిలించెను. ఆ ముక్కలు కరగి రాగిని కాపాడినవి. రసాయనశాస్త్రము జయించెను, ఓడ ఓడిపోయెను. కరగని రాగిమీద నాచును బార్నకిళ్లును సుఖముగా పెరిగినవి. రాగి కరగుటయే ప్రాణులకు విషమైయుండెనని అప్పుడు తెలిసి, ఆ యుపాయమును మానుకొనిరి. నేటి రంగులలో పెక్కింటను రాగిపొడి యుండుటకు కారణ మిదియే.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ట్రైబ్యుటైల్ టిన్ అను తగరపు సమ్మేళనము కలిపిన రంగులు వ్యాపించినవి. అవి ప్రాణులను దగ్గరకు రానీయక అడుగును నున్నగా నుంచెడివి. కాని ఆ విషము రేవునీటిలోనికి దిగి, ఫ్రాన్సు దేశమునందలి ఆర్కషాఁ అఖాతములో ఆలుచిప్పల పెంపకమును పాడుచేసెను. పెంకులు వికారముగా దళసరియయ్యెను, పిల్లలు బ్రదుకలేదు. 1982లో ఫ్రాన్సువారు చిన్న పడవలకు ఆ రంగును నిషేధించిరి. 2001లో అంతర్జాతీయముగా ఒడంబడిక వ్రాయబడి 2008లో అమలులోనికి వచ్చెను. వేగము కొఱకు చేపల బ్రదుకునే చెఱచుట చేపలుపట్టువానికి లాభమెట్లగును?

ఈ అంటుడు ప్రాణులవలన నష్టమెంత? అమెరికా నావికా విద్యాలయమునందలి మైకేల్ షుల్ట్జ్ 2007లో ప్రయోగములనుండి ఒక యుద్ధనౌకకు లెక్క కట్టెను. గంటకు 15 సముద్రపు మైళ్ల వేగమున పలుచని పాకుడు పట్టినచో ఇంజను శక్తి నూటికి 11 వంతులు హెచ్చుగా కావలెను. దట్టమైన పాకుడునకు 21. పెంకుప్రాణులు దట్టముగా పట్టినచో 86. చిన్న చేపలపడవలను గూర్చి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు చెప్పిన లెక్కయు కలదు. రక్షకపు రంగు వేయనిచో ఒక మాసమునకే చమురు ఖర్చు నూటికి 7 వఱకును, ఆఱు మాసములకు 44 వఱకును హెచ్చవచ్చును. కావున మెఱుగుపిండి కొనుటకు ముందు పాకుడును కడుగుట మేలు. ప్రతిదినము ఇసుకతిన్నెమీదికి లాగు పడవలకు ఈ బాధ తక్కువ. వానికి ఇసుక చేయు గీతలే బాధ. రేవులో కట్టియుండు పడవలకే ప్రాణుల బాధ.

ఇప్పుడు పని చేయు విధానము. పడవను ఒడ్డునకు తీసిన వెంటనే, తడి ఆరకముందే, కడిగివేయవలెను. తడిగానున్న పాకుడు చీపురుదెబ్బకు పోవును. ఎండినది రాయివలె పట్టును. బార్నకిళ్లను కొయ్యబిళ్లతోనో, ప్లాస్టిక్ బిళ్లతోనో త్రోయవలెను. ఇనుపరేకుతో గోకినచో ప్రాణి పోవును గాని గాడి మిగులును. తరువాత మంచినీటితో ఉప్పు పోవునట్లు కడిగి, బాగుగా ఎండనీయవలెను. ఫైబరు పడవ అడుగున పొక్కులున్నచో వానిని విప్పి, కడిగి, వారములకొలది ఆరబెట్టి గాని పూడ్చరాదు. తడిమీద పూత నిలువదు.

పాత రంగును రాచుటలో ఒక అపాయము కలదు. అందులో రాగియు, కొన్ని పాతపూతలలో సీసమును ఉండును. ఫైబరు ధూళి ఊపిరితిత్తులకు కీడు. కాబట్టి పొడిగా రాచరాదు. నీరు చల్లుచు రాచవలెను. ముక్కునకు తగిన ముసుగు వేసికొనవలెను. క్రింద టార్పాలిను పఱచి రాలినదానిని పోగుచేయవలెను, కాలువలోనికి ఊడ్వరాదు. చేతులు కడుగక అన్నము ముట్టరాదు. పడవ క్రింద దూరుటకు పిల్లలు అనువుగా నుందురని వారిని ఈ పనికి పంపుట కొన్నిచోట్ల వాడుక. ఇది బొత్తిగా తగదని తలిదండ్రులకు మనవి. సీసము పెద్దలకంటె పిల్లలకే ఎక్కువ కీడు చేయును.

నునుపునకు ముందు సమము. నునుపనగా గఱుకు లేకుండుట. సమమనగా ఎత్తుపల్లములు లేక వంపు ఒకే తీరున సాగుట. చేతితో తడవినచో పట్టువలెనుండియు, దూరమునుండి చూచినచో అలలవలెనుండు అడుగులు ఎన్నియో కలవు. దీనిని కనిపెట్టుటకు సన్నని వెదురుబద్దను అడుగున వంచి ఆనించి చూడవలెను. సందు కనబడినచోట పల్లము. చీకటిపడిన తరువాత దీపమును అడుగునకు ప్రక్కవాటుగా పట్టినచో పగటివేళ కనబడని పల్లములు నీడలై కనబడును. అరచేతిక్రింద పలుచని గుడ్డనుంచి కన్నులు మూసికొని నిమురుట పాత వడ్రంగుల పద్ధతి, అదియు మంచిదే.

పల్లము కనబడినపుడు చుట్టునున్న ఎత్తును కోయుటకంటె పల్లమును నింపుట మేలు. ఫైబరు పడవపై జెల్ పూత అర మిల్లీమీటరు మందమే యుండును; దానిని కోసినచో నీరు లోపలికి దిగును. కొయ్యపడవలో పలకను చిత్రిక పట్టుకొలది మేకుల తలలు బయటపడును. అందుచేత ఎపాక్సీతో కలిపిన లప్పమును వెడల్పు రేకుతో పలుచగా రెండుమూడు మాఱులు పూయవలెను. గట్టిపడిన పిమ్మట, రెండడుగులకు మించిన పొడవుగల వంగెడు పలకకు 80 అంకె గఱుకుకాగితమును అంటించి, రెండుచేతులతో పట్టి, పడవ పొడవునకు ఏటవాలుగా ఒకమాఱు ఇటు, ఒకమాఱు అటు రాచవలెను. పొడవైన పలక ఎత్తులమీద మాత్రమే ఆనును, పల్లములను దాటిపోవును. కాగితమును వ్రేళ్లతో పట్టి రాచినచో వ్రేళ్ల వెంట గాళ్లు పడును. చిన్న పలకతో రాచినచో పలకయు పల్లములోనికి దిగి దానిని ఇంకను లోతు చేయును. ఎక్కడ ఎంత రాచితిమో తెలియుటకు మొదట నల్లరంగును మంచువలె పలుచగా చల్లుట మంచి ఉపాయము. రాచిన తరువాత నలుపు మిగిలినచోట పల్లము, ముందుగా నలుపు పోయినచోట ఎత్తు. ఆ మచ్చలు ఒక్కసారిగా పోవువఱకు నింపుట, రాచుట, నింపుట, రాచుట. ఈ పనికి తెలివికంటె ఓపిక ఎక్కువ కావలెను.

సమము కుదిరిన పిమ్మట ప్రైమరు వేసి, 120, 220, 320 అంకెల కాగితములతో వరుసగా రాచి, చివరకు తడి 400తో ముగింపవలెను. ఒక అంకెను దాటవేసినచో ముందటి కాగితపు గీతలు అడుగున మిగిలిపోవును. రోలరుతో రంగు వేసినచో నారింజతొక్కవంటి గఱుకు ఏర్పడును. దానిని తేలికగా రాచిన చాలును. చుక్కాని ముందు అంచున కొట్టుకొనిన గాట్లను, అడుగు పలకల సందులను, బయటికి పొడుచుకొని వచ్చిన మేకుతలలను మఱచిపోరాదు. ఒక్క మేకుతల పది చదరపుటడుగుల మెఱుగును వృథాచేయగలదు.

ఇంత చేసిన పిమ్మట వేగమెంత హెచ్చును? నిరోధము నూటికి 10 తగ్గినచో వేగము 10 హెచ్చునని ఆశింపరాదు. ఒకే బలముతో లాగబడు పడవకు ఇంచుమించు 5 హెచ్చును. ఒకే ఇంజను శక్తితో పోవు పడవకు 3 కంటె కొంచెము ఎక్కువ. అదే వేగముతో పోయినచో చమురులో మాత్రము పదవవంతు మిగులును. మఱియొక అడ్డు కలదు. పడవ తన అలను తానే పుట్టించుకొనును. నీటిగీత పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34చే గుణించినచో ఆ అల కొండవలె ఎదురునిలుచు వేగము గంటకు సముద్రపు మైళ్లలో వచ్చును. 25 అడుగుల పడవకు అది 6.7. నీటిపైకి లేచి పరుగెత్తు తేలికపడవలు తప్ప, మిగిలినవి ఈ కొండ నెక్కలేవు. ఎంత నునుపును ఇక్కడ పనికిరాదు. మెల్లగా పోవు పడవకే నునుపు ఎక్కువ మేలు చేయుననుట వినుటకు వింతగా నుండును గాని సత్యము.

నునుపుకంటె మేలైన గఱుకు ఒకటి కలదు. సొఱచేప చర్మముమీద పొడవువాటున అతిసన్నని గీతలుండును. వానిని చూచి కల్పించిన గీతల పొరను 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సునందు అమెరికావారి పందెపుపడవకును, 1987లో అమెరికా కప్పు గెలిచిన స్టార్స్ అండ్ స్ట్రైప్స్ అను తెఱచాప పడవకును అంటించిరి. నేటి తెఱచాప పందెముల నియమములలో 53వది అట్టి ప్రత్యేకపు ఉపరితలమును నిషేధించుచున్నది.

పై తరగతులవారు ఉపాధ్యాయుని సమక్షమున, మోకాటిలోతు మించని పంటకాలువలో, ఈ పరీక్షను చేసి చూడవచ్చును. 4 అడుగుల పొడవు, 6 అంగుళముల వెడల్పుగల రెండు సమానమైన పలకలను తీసికొని, ముందుకొనలను గుండ్రముగా చెక్కి, రెండింటికి వార్నిషు వేయుడు. ఒకదాని అడుగున తడివార్నిషుమీద జల్లెడపట్టిన ఇసుకను చల్లుడు. ఆ యిసుక ఎంత బరువో అంత బరువును రెండవదాని పైభాగమున పెట్టుడు. కావడిబద్దవంటి యొక కఱ్ఱ రెండుకొనలకు పలకలను సమానమైన త్రాళ్లతో కట్టి, కఱ్ఱ నడుమను వంతెన కమ్మికి త్రాటితో తగిలించి, పాఱు నీటిలో విడువుడు. ఇసుకపలక వెనుకకు లాగుకొని పోవుటచే కఱ్ఱ ఒరగును. కఱ్ఱ సరిగా అడ్డముగా నిలుచువఱకు నడిమి త్రాటిని ఇసుకపలక వైపునకు జరుపుడు. నడిమి త్రాటినుండి రెండుకొనలకుగల దూరములను కొలిచి, వార్నిషుపలక దూరమును ఇసుకపలక దూరముచే భాగించినచో, ఇసుకవలన నిరోధమెన్ని రెట్లు హెచ్చినదో తెలియును. కాలువ నడుమను నీరు వేగముగాను, గట్టుప్రక్కను నెమ్మదిగాను పాఱును గనుక పలకలను ఎడమకుడులు మార్చి మఱల కొలిచి సగటు తీయవలెను. తరువాత ఇసుకపలకను తీసివేసి, దాని స్థానమున మైనము పూసిన మూడవ పలకను కట్టి చూడుడు. ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన నోటుపుస్తకమున వ్రాసికొనుడు.